రెండో గుండీ దగ్గర ఆగిన చెయ్యి

"ఎవలు గుంజిన్రు?"

నిజామాబాద్ నుంచి బస్సులో వచ్చేటప్పుడు సుజాత ఈ మాట భర్తను అడగలేదు. బస్టాండులో దిగి ఇంటిదాకా నడిచేటప్పుడూ అడగలేదు. చెప్పులు విప్పి, ఎక్స్‌రే కవరు టీవీ పక్కన పెట్టి, కూతురికి మంచినీళ్లు తాగించి, అప్పుడు అడిగింది. మెల్లగానే అడిగింది. సుజాత మెల్లగా మాట్లాడిందంటే ఆ ఇంట్లో పిల్లి కూడా పక్కింటికి తరలిపోతుంది.

బాలరాజ్ చొక్కా జేబులోంచి ఆటో తాళం తీసి, ఎందుకు తీశాడో తెలియక మళ్లీ జేబులోనే వేసుకున్నాడు. వంటింటి గడప మీద కూర్చుని చిక్కుడుకాయలకు ఈనెలు తీస్తున్న అతని తల్లి గంగుబాయి చేతులు ఆగిపోయాయి.

"నిన్నే అడుగుతున్న" అంది సుజాత భర్తతో. "పోయినసారి పోయినప్పుడు వర్ష చెయ్యి కాలర్ దాకా వచ్చింది. ఫిజియో మేడం గా రెండు రెక్కల స్కేలు పెట్టి కొలిచి, శభాష్ వర్షా, ఇంకో నెలల నోటికందుతది అన్నది. అన్నదా, లేదా?"

"అన్నది."

"ఇయ్యాల ఎందాక వచ్చింది?"

బాలరాజ్ టీవీ పక్కనున్న ఎక్స్‌రే కవరు వంక చూశాడు.

"పైనుంచి రెండో గుండీ దాకా. సిమెంటు పట్టి తీసిన నాడు ఎక్కడుండెనో మళ్ల గాడికే వచ్చింది. మోచెయ్యి ముట్టుకుంటే పెనం లెక్క కాలుతుంది. ఎవలో జబర్దస్తీ గుంజిన్రు అన్నడు డాక్టర్ సార్. ఇట్లనే గుంజితే కండల బొక్క పుడతదట, కండనే ఎముక లెక్క గట్టిపడతదట. ఇగ గా చెయ్యి వంగదట. ఆపరేషన్ చేసినా నమ్మకం చెప్పలేనన్నడు. నీ చెవులతోని విన్నవ్ గద. నేనైతే గుంజలే. మరి ఎవలు గుంజిన్రు?"

వర్ష తలుపు చాటున నిలబడి కుడి మోచేతిని ఎడమ అరచేత్తో పట్టుకుని ఉంది. ఎనిమిదేళ్ల పిల్ల. డాక్టరు అదే ప్రశ్న తనను అడిగినప్పుడు నేలకేసి చూసింది, ఇప్పుడూ నేలకేసే చూస్తోంది.

ఆ చెయ్యి విరిగి రెండు నెలలు. చెరుకు ట్రాక్టరు స్పీడు బ్రేకరు దగ్గర నెమ్మదించినప్పుడు వెనకనుంచి గడ లాగడం బాన్సువాడ పిల్లలకు ఎవరూ నేర్పనక్కరలేని విద్య. ఆ రోజు ఆటోలో కూర్చుని "గుంజు బిడ్డా, గుంజు" అని నవ్వుతూ ఉసిగొల్పింది బాలరాజే. గడ ఊడి వచ్చింది. పిల్ల చెయ్యి ఆన్చి కింద పడింది. ఆ ఒక్క మాటకు అతను రెండు నెలలుగా తనకు తానే శిక్ష వేసుకుంటున్నాడు. చెరుకు రసం బండి ఎదురైతే మొహం తిప్పుకుంటున్నాడు.

"నేనే" అన్నాడు బాలరాజ్.

గంగుబాయి ఉలిక్కిపడి తలెత్తింది.

"ఏం జేసినవ్?" అంది సుజాత.

"ఐదు లీటర్ల నీళ్ల క్యాన్ చేతికిచ్చి ఇరవై లెక్కపెట్టిన. బరువుకు చెయ్యి సాపైతదని ఆటో స్టాండుల ఎవడో చెప్పిండు. పిల్ల ఏడ్సింది, దించిన. ఒక్కసారే సుజాతా. వర్ష మీద ఒట్టు."

"పిల్ల మీద ఒట్టు పెట్టకు! ఒక్కసారికే గింత వాపొస్తదా? ఎన్నిసార్లు పట్టించినవ్?"

"ఒక్కసారే."

"గప్పుడు గుంజు గుంజు అని బొక్క ఇరగ్గొట్టినవ్. ఇప్పుడు గా ఇరిగిన చెయ్యిని కూడ ఉండనిస్తలేవ్. నువ్వు పిల్లకు తండ్రివా, పగోనివా?"

ఆ మాట మరీ ఎక్కువ. అన్న సుజాతకూ తెలుసు, పడ్డ బాలరాజుకూ తెలుసు. అందరికన్నా బాగా తెలిసింది గడప మీద కూర్చున్న గంగుబాయికి. తేలు కుట్టిన దొంగకు అరవడానికి ఉండదు, ఊరుకోవడానికీ ఉండదు. ఒలిచిన చిక్కుడుకాయనే మళ్లీ తీసుకుని, లేని ఈనె కోసం వెతకసాగింది.

"నేను" అనాలి. రెండక్షరాల మాట. కొడుకు అననే అన్నాడు, తనకు మాత్రం గొంతు దాటి రాలేదు.

గంగుబాయి చేతులంటే ఆ వాడలో పేరు. నలభై ఏళ్లుగా పుట్టిన ప్రతి బిడ్డకూ తానం పోసింది ఆమే. కాళ్లు చాపుకుని, వాటి మీద పసిగుడ్డును పడుకోబెట్టి, ఆముదం రాసి, కుడి చెయ్యి ఎడమ కాలికీ ఎడమ చెయ్యి కుడి కాలికీ తగిలించి లాగితే, గుక్కపెట్టి ఏడ్చిన బిడ్డ ఆ తర్వాత పొద్దంతా నిద్రపోయేది. ఈ బాలరాజ్ కూడా ఆ కాళ్ల మీద పెరిగినవాడే. అలాంటి మనిషికి పాతికేళ్ల ఫిజియో పిల్ల ఏం చెబుతుంది? ఎవరూ పట్టి వంచొద్దట. నూనె మర్దన వద్దట. పిల్లే తనంతట తాను అన్నం తింటూ, తల దువ్వుకుంటూ, ఆడుకుంటూ చెయ్యి తెచ్చుకోవాలట. సుజాత అదంతా కాగితం మీద రాసి ఫ్రిజ్ తలుపుకు అంటించింది. చదువు రాని గంగుబాయికి ఆ కాగితంతో పని పడలేదు. కోడలు చదివి వినిపిస్తే చెవిలో పడింది, మనసులో పడలేదు.

పట్టి తీయగానే చెయ్యి వచ్చేసినట్టే అనుకున్నారు అందరూ. ఇల్లలకగానే పండగవుతుందా? కుడి చెయ్యి నోటికందక పిల్ల ఎడమ చేత్తో తినడం మొదలుపెట్టింది. ఇంట్లో తిన్నన్నాళ్లూ గంగుబాయి కళ్లు మూసుకుంది. పక్కింటి పోసవ్వ మనవడి పుట్టువెంట్రుకల దావత్‌కు పోయినప్పుడు, నలుగురూ కూర్చున్న బంతిలో వర్ష ఎడమ చేత్తో అన్నం కలిపింది. ఎదుటి వరసలోని ముసలామె ఒకతె నవ్వి, "ఏంది గంగవ్వా, ఊరోళ్ల పిల్లల చేతులన్ని నువ్వే సాపు జేస్తివి. నీ మనుమరాలేమో ఎడమ చేత్తో తినబట్టె" అంది.

ఆ ముద్ద గంగుబాయికి దిగలేదు. మర్నాటి నుంచే మొదలుపెట్టింది. బడి నాలుగింటికి విడుస్తుంది, మార్కెట్ ఆఫీసు నుంచి సుజాత ఆరింటికి వస్తుంది. మధ్యలో గోరువెచ్చని ఆముదం, పీట, పిల్ల పళ్ల మధ్య తువ్వాలు కొస. "మీ మమ్మీకి చెప్పకు బిడ్డా. చెయ్యి సాపైనంక ఒక్కసారే సూపిద్దాం, ఖుషీ అయితది" అంది. పదకొండు రోజులు లాగింది. రోజురోజుకూ వాపు పెరుగుతుంటే, రోగం బయటికి వస్తోందనుకుంది.

"అత్తమ్మా" అన్న పిలుపుకు గంగుబాయి తలెత్తింది.

సుజాత వచ్చి ఆమె పక్కనే గడప మీద కూర్చుంది. గొంతులో కోపం పోయి ఏడుపు మిగిలింది.

"ఇంక పదిహేను రోజుల్ల మళ్ల రమ్మన్నరు. గప్పటిదాక ఎవలు ముట్టొద్దు. నేను ఆఫీసు బంద్ జేస్తే జీతం పోవుడు గాదు, నౌకరే పోతది. ఈయనను పిల్ల దగ్గరికి రానియ్యకు. ఇగ వర్ష నీ చేతులనే. నువ్వొక్కదానివే నాకు దిక్కు, అత్తమ్మా."

గంగుబాయి నోరు తెరిచింది. ఏదో అనబోయింది.

"గట్లనే బిడ్డా" అనే మాట వచ్చింది.

బాలరాజ్ తల్లి వంక ఒకసారి చూశాడు. ఆ చూపులో అనుమానం లేదు. పిల్లను బాగా చూసుకో అన్న వేడికోలే ఉంది. ఆ చూపు కన్నా చెంపదెబ్బ నయమనిపించింది గంగుబాయికి. అతను అన్నం తినకుండానే ఆటో తీసుకుని వెళ్లిపోయాడు.

*

మర్నాడు నాలుగు దాటింది. వర్ష బడి సంచి మూలన పడేసి, మొహం కడుక్కుని వచ్చి, పీట వాల్చుకుని కూర్చుంది. తువ్వాలు కొస మడిచి పళ్ల మధ్య పెట్టుకుంది. కుడి చెయ్యి చాపింది.

గంగుబాయి తన చేతులు కొంగులోకి లాక్కుంది.

"గదెందుకు బిడ్డా? తీసెయ్యి."

వర్ష తువ్వాలు తీసింది. "ఇయ్యాల లేదా అవ్వా?"

"ఇయ్యాల లేదు. ఎన్నడు లేదు ఇగ."

పిల్ల మొహంలో ముందు సంతోషం, వెంటనే అనుమానం. "నేను ఎవలికి చెప్పలే అవ్వా. డాక్టర్ సార్ రెండుసార్లు అడిగిండు. మమ్మీ బస్సుల అడిగింది, చాక్లెట్ కొనిస్త అన్నది. అయినా చెప్పలే."

"నా బంగారు తల్లివి" అనబోయి గంగుబాయి ఆగింది. దేనికి మెచ్చుకోవాలి? అబద్ధం మోసినందుకా?

"అవ్వా, డాడీ నిజంగ ఒక్కసారే పట్టించిండు. నాకు తెలుసు. మరి మమ్మీ ఎందుకు నమ్ముతలేదు?"

గంగుబాయి పిల్ల బడి సంచి తీసి మేకుకు తగిలించింది.

"రాత్రి డాడీ ఆటోలనే పండుకున్నడు. దోమలు కుట్టవా అవ్వా?"

గంగుబాయి కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. పదకొండు రోజులు ఈ పిల్ల పళ్ల మధ్య ఏ తువ్వాలైతే పెట్టిందో, ఇప్పుడు ఆ తువ్వాలు తనకు కావలసి వచ్చింది.

సరిగ్గా అప్పుడే గుమ్మంలో చప్పుడైంది. తండా నుంచి భిక్యా. గొర్రు పనికీ నాట్లకూ గంగుబాయితో కలిసి ఎన్నో చేలల్లో దిగినవాడు. అతని చంకలో ఐదారేళ్ల కూతురు. ఆ పిల్ల ఎడమ చెయ్యి కట్టెలా వంకరగా నిలబడి ఉంది. మోచేతి చుట్టూ పట్టి ఉండిన చోట పాలిపోయిన చర్మం పొట్టు రాలుతోంది.

"గంగవ్వా, నిన్ననే పట్టి ఇప్పిన్రు. చెయ్యి సాగుత లేదు, వంగుత లేదు. నువ్వు నీ మనుమరాలికి గుంజుతున్నవట గద, పోసవ్వ చెప్పింది. మా బిడ్డకు కూడ జర గుంజు."

పోసవ్వ! గోడ అవతల ఉండే పోసవ్వ. తువ్వాలు కొరికినా పిల్ల మూలుగు గోడ దాటకుండా ఉంటుందా? పెదవి దాటితే పృథివి దాటుతుందని ఊరికే అన్నారా? తండా దాకా తెలిసింది. తెలియనిది ఈ ఇంట్లోని ఇద్దరికే.

"నా చేతుల బలం లేదు భిక్యా. ముసల్దాన్నైన" అంది గంగుబాయి.

"నీకేమైంది అవ్వా, గట్టిగున్నవ్."

"నాతోని గాదు. పో."

భిక్యా నొచ్చుకున్నాడు. అయినా పిల్లను ఇంకో చంకకు మార్చుకుంటూ, "సరేతీ. జుక్కల్ దిక్కు ఒకాయనున్నడట. ఇద్దరు పట్టుకుంటే ఒక్క గుంజుడుకే సాపు జేస్తడట. రేపు పొద్దుగాల బస్సుకు తోల్కపోత" అన్నాడు.

చంకలోని పిల్లకు మాటలు అర్థం కాలేదు. గుమ్మానికి వేలాడుతున్న ఎండిన మామిడాకులను మంచి చేత్తో అందుకోవాలని చూస్తోంది.

భిక్యా గడప దిగాడు. రెండడుగులు వేశాడు. గంగుబాయికి ఆ పిల్ల మోచెయ్యి వాచినట్టూ, ఎర్రబడ్డట్టూ, పళ్ల మధ్య గుడ్డ ఉన్నట్టూ అప్పుడే కళ్లకు కట్టింది. ఇది కూడా తన ఖాతాలోకే వస్తుంది. తన పేరు చెప్పుకుని వచ్చిన మనిషి కదా.

"భిక్యా! ఆగు. ఇటు రా."

అతను తిరిగి వచ్చాడు. గంగుబాయి వర్షను దగ్గరికి తీసుకుని, కుడి మోచేతి మీది గౌను చెయ్యి పైకి మడిచింది.

"ముట్టుకో."

భిక్యా రెండు వేళ్లు ఆన్చి చటుక్కున తీశాడు. "అమ్మో, కాలుతుంది."

"నేను గుంజిన చెయ్యే ఇది. కాలర్ దాకా వస్తుండె. నేను గుంజి గుంజి గుండీ కాడికి తెచ్చిన. డాక్టర్ వద్దన్నడు, కోడలు వద్దన్నది, నేను వినలే. నా చేతులకంటె ఎక్కువ ఎవలికి తెలుసనుకున్న. బిడ్డ ఏడుస్తుంటే కూడ గుంజిన భిక్యా." కొంగుతో కళ్లు ఒత్తుకుంది. "జుక్కల్‌కు పోకు. నీ కాళ్లు మొక్కుత. ఎవల చేతికి ఇయ్యకు."

భిక్యా తన పిల్ల మోచెయ్యి వంక చూశాడు. "మరి చెయ్యి ఎట్లొస్తదవ్వా?"

జవాబు వర్ష చెప్పింది. ఫిజియో మేడం నేర్పిన ఆట అది. తన గౌను మీద కుడి చేతి వేళ్లను చీమల్లా నడిపిస్తూ, "గిట్ల కింది గుండీ కాడ్నించి ఒక్కొక్క గుండీ ఎక్కాలె. నొప్పైతే ఆగాలె. రోజూ ఆడాలె. ఎవలు తోయొద్దు" అంది. ఆమె చీమలు రెండో గుండీ దగ్గర ఆగిపోయాయి. చిన్న పిల్ల కిలకిలా నవ్వి, తన వంకర చేత్తో తన చొక్కా మీద మొదలుపెట్టింది. నిన్ననే పట్టి విప్పిన చెయ్యి. ఆగుతూ, మూలుగుతూ, మెడ దాకా పోయింది.

"శభాష్!" అంది వర్ష, అచ్చం ఫిజియో మేడంలా.

గంగుబాయి అటు చూడలేక మొహం తిప్పుకుంది.

*

ఆరింటికి సుజాత వచ్చింది. సంచి దించిందో లేదో, గంగుబాయి బియ్యం డబ్బా వెనక దాచిన ఇత్తడి గిన్నె తెచ్చి ఆమె ముందు పెట్టింది. అడుగున ఆముదం జిడ్డుగా అంటుకుని ఉంది.

"ఏంది అత్తమ్మా ఇది?"

"పిల్ల చెయ్యి గుంజింది నేను. పదకొండు రోజులు. వాడు గాదు."

పరాయివాడైన భిక్యాకు చెప్పినప్పుడు ఏడుపు వచ్చింది. ఇప్పుడు అది కూడా రాలేదు. మాట కొయ్యముక్కలా వచ్చి పడింది.

సుజాత గిన్నె వంక చూసింది. గంగుబాయి చేతుల వంక చూసింది. అరుస్తుందని గంగుబాయి కాచుకుని ఉంది. అరిస్తే బాగుండునని కూడా అనుకుంది. సుజాత అరవలేదు.

"తెల్వక జేసినవ్" అంది చివరికి. "గది నాకు సమజైతది. మా అమ్మ ఉన్నా గదే జేస్తుండె కావొచ్చు."

గంగుబాయి కళ్లు తుడుచుకోబోయింది.

"మరి నిన్న నేను ఆయనను అనరాని మాటలంటుంటే, నువ్వు గా గడప మీద కూసోని చిక్కుడుకాయలు ఎట్ల ఒలిచినవ్ అత్తమ్మా?"

గంగుబాయి గిన్నె అంచు పట్టుకుంది. భయమా, సిగ్గా, నలభై ఏళ్ల పేరా అని తనలో తానే వెతుక్కుంది. ఏది చెప్పినా సాకులాగే ఉంటుంది.

"నోరు రాలే బిడ్డా."

"నీకు రాలే, సరే. పిల్లకు కూడ నోరు లేకుంట జేసినవ్. డాక్టర్ అడుగుతుంటే నా బిడ్డ దొంగ లెక్క నేల సూసింది. నువ్వొక్కదానివే దిక్కు అని నీ చేతుల పెట్టిన. గప్పుడు కూడ గట్లనే అన్నవ్." సుజాత లేచింది. "రేపటి నుంచి బడి విడువంగనే వర్ష నా ఆఫీసుకు వస్తది. మా సార్ ఒప్పుకోకపోతే నౌకరి పోతే పోనీ."

అంతే. గంగుబాయి చేతుల్లోంచి పిల్లను తీసుకోవడానికి ఆ రెండు ముక్కలు సరిపోయాయి. ఎదురు చెప్పడానికి ఏముంది?

వర్షకు మాత్రం ఆకలి వేసింది. పెద్దల గొడవలు పిల్లల ఆకలిని ఆపగలిగితే ఈ లోకం ఎప్పుడో ఖాళీ అయిపోయేది. కంచంలో చిక్కుడుకాయ కూర, అన్నం వేయించుకుని వచ్చి, అలవాటు ప్రకారం నాయనమ్మ ముందే కూర్చుని నోరు తెరిచింది. గంగుబాయి చెయ్యి తనకు తెలియకుండానే ముద్ద కలిపింది, పైకి లేచింది. పిల్ల పెదవుల దాకా పోయి ఆగింది. తినిపించొద్దు, పిల్లనే తిననివ్వాలి అన్నది కూడా ఫ్రిజ్ మీది కాగితంలో ఉంది. వంటింట్లోంచి సుజాత చూస్తోంది.

ముద్ద కంచంలో పెట్టేసింది. "నువ్వే తిను బిడ్డా."

వర్ష కంచం వంక చూసింది, నాయనమ్మ మొహం వంక చూసింది.

"ఏ చెయ్యితోని అవ్వా?"

గంగుబాయికి దావత్‌లోని బంతి గుర్తొచ్చింది. ఎదుటి వరస నవ్వు గుర్తొచ్చింది. అంతా అక్కడే మొదలైంది.

"ఏది అందితే గా చెయ్యితోని."

"ఎడమదైనా?"

"ఎడమదైనా."

వర్ష ఎడమ చేత్తో ముద్ద తీసుకుంది. తింటున్నంతసేపూ తప్పు చేస్తున్న దానిలా నాయనమ్మ కళ్లలోకే చూస్తూ తింది.

వీధిలో ఆటో చప్పుడైంది. ఆ ఇంజను దగ్గు ముగ్గురికీ తెలుసు. సుజాత గిన్నె కడుగుతూ వెనక్కి తిరగకుండానే అంది:

"ఆయనకు నేను చెప్ప. పిల్ల కూడ చెప్పది."

"నేనే చెప్త" అంది గంగుబాయి. గోడ పట్టుకుని లేచింది.

ఇంజను ఆగింది. అడుగులు గుమ్మం దాకా వచ్చాయి. లోపలికి రాలేదు. వీధి దీపం వెలుగులో బాలరాజ్ నీడ గడప మీద పడింది, గడప దాటకుండా అక్కడే నిలబడింది.

"అమ్మా" అని పిలిచాడు, ఇంట్లో ఎవరికీ వినబడకూడదన్నంత నెమ్మదిగా. "నేను లోపలికి వస్తలేను. పిల్ల దగ్గరికి రాను. నేను జేసిన వాపు జరంతన్న తగ్గిందా, గదొక్కటి చెప్పు. పోత."